విమానాశ్రయంలో పారేయించిన పానీయాలన్నీ కలిపి మూతపెడితే మద్యం అవుతుందా?

నల్లగొండ నుంచి ఒక విద్యార్థి ఈ ప్రశ్న అడిగారు. ఆగస్టులో పైచదువుల కోసం అమెరికాకు బయలుదేరిన రోజున వాళ్ల అమ్మగారు తెల్లవారుజామునే లేచి తోటలోని బత్తాయిలు పిండి రెండు సీసాల రసం చేతికిచ్చారు. శంషాబాద్‌లో భద్రతా తనిఖీ దగ్గర ఆ రెండు సీసాలను, ఇంకా మూత తీయని కూల్‌డ్రింకు సీసాను కూడా పక్కనున్న డబ్బాలో వేయించారు. అప్పటికే ఆ డబ్బా మంచినీళ్లు, కూల్‌డ్రింకులు, పండ్లరసం ప్యాకెట్లు, ఎవరిదో సల్ల సీసాతో నిండిపోయి ఉంది. వెంట ఉన్న మిత్రులు "దీనికి మూతపెట్టి నెల రోజులు ఆగితే దావత్‌కు సరిపోయేంత మందు తయారవుతది" అని నవ్వుకున్నారు. నిజంగా అవుతుందా, మూత తీయని సీసాను కూడా ఎందుకు పారేయించారు, అమ్మ ఇచ్చిన రసం పారేయకుండా ఉండటానికి ఏం చేసి ఉండాల్సింది అని ఆయన అడిగారు.

మాది రామన్నపేట దగ్గరి పల్లె. మా నాన్న గీత కార్మికుడు. నేను చదువు ముగించుకొని పండ్లరసాలు తయారుచేసే కర్మాగారంలో నాణ్యత పరీక్షల విభాగంలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేశాను. పులియడాన్ని ఇంట్లో ఒక తీరుగా, ప్రయోగశాలలో మరొక తీరుగా చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్నకు కొంచెం వివరంగానే సమాధానం చెబుతాను.

ముందుగా మీ మిత్రుల మాట సంగతి. ఆ డబ్బాలోని ద్రవం పులుస్తుంది, అందులో సందేహం లేదు. అయితే అది తాగదగిన మద్యంగా మారదు. ఆ రెండింటి మధ్య తేడా ఎంత పెద్దదో తెలియాలంటే చక్కెర ఎలా మద్యం అవుతుందో ముందు చూడాలి.

ఈస్ట్ అనే సూక్ష్మజీవి చక్కెరను తిని, గాలి అందని చోట దాన్ని ఆల్కహాలుగానూ బొగ్గుపులుసు వాయువుగానూ విడగొడుతుంది. లెక్క ప్రకారం 180 గ్రాముల గ్లూకోజు నుంచి 92 గ్రాముల ఆల్కహాలు, 88 గ్రాముల వాయువు రావాలి. ఈస్ట్ తన ఎదుగుదలకు కొంత వాడుకుంటుంది కాబట్టి వాస్తవంలో ఇంకాస్త తక్కువే వస్తుంది. మా వృత్తిలో అందరం గుర్తుపెట్టుకొనే కొలత ఏమిటంటే, లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర ఉంటే ఒక శాతం ఆల్కహాలు వస్తుంది. మామూలు కోలా పానీయంలో లీటరుకు వంద గ్రాములకు కాస్త పైగా చక్కెర ఉంటుంది, బత్తాయి రసంలో ఇంచుమించు అంతే ఉంటుంది. కనుక ఈ రెండింటిలో ఏది పూర్తిగా పులిసినా వచ్చే ఆల్కహాలు సుమారు ఆరు శాతమే.

ఇప్పుడు ఆ డబ్బాను ఊహించుకోండి. అందులో వంద లీటర్లు పోశారనుకుందాం. తనిఖీ దగ్గర అన్నింటికంటే ఎక్కువగా వదిలేసేది మంచినీళ్లే కాబట్టి సగం, అంటే 50 లీటర్లు, నీళ్లే అనుకోండి. 20 లీటర్లు చక్కెర ఉన్న కూల్‌డ్రింకులు, 15 లీటర్లు పండ్లరసాలు, మిగిలిన 15 లీటర్లు టీ, కాఫీ, సల్ల, చక్కెర లేని డైట్ పానీయాలు. మొత్తం చక్కెర 3.6 కిలోల దగ్గర తేలుతుంది, వంద లీటర్లకు పంచితే లీటరుకు 36 గ్రాములు. అంతా సవ్యంగా పులిసినా వచ్చే ఆల్కహాలు సుమారు రెండు శాతమే, అంటే మన ఊరి కల్లులో ఉండేదానిలో సగం కూడా ఉండదు. డైట్ పానీయాల్లోని ఆస్పార్టేమ్, సుక్రలోజ్ వంటి తీపి పదార్థాలను ఈస్ట్ మద్యంగా మార్చలేదు. సల్లలో, పాల కాఫీలో ఉండే పాల చక్కెరను మామూలు ఈస్ట్ ముట్టదు, దాన్ని తినేవి పెరుగును తోడుపెట్టే జాతి బ్యాక్టీరియాలు.

అంతా సవ్యంగా పులియనివ్వని కారణం ఇంకొకటి ఉంది. చాలా కూల్‌డ్రింకు సీసాల వెనుక సన్నని అక్షరాల్లో సోడియం బెంజోయేట్ అనో, పొటాషియం సోర్బేట్ అనో, వాటి సంఖ్యలైన 211, 202 అనో రాసి ఉంటుంది. ఇవి ఈస్ట్‌ను, బూజును ఎదగనివ్వకుండా ఆపడానికి వేసేవి. బెంజోయేట్ పనిచేయాలంటే పులుపు కావాలి. పులుపును కొలిచే అంకె పి.హెచ్, అది ఎంత తక్కువైతే పులుపు అంత ఎక్కువ. కోలా పి.హెచ్ సుమారు 2.5, ఆ పులుపులో బెంజోయేట్ దాదాపు పూర్తిగా పనిచేసే రూపంలోనే ఉంటుంది. అందుకే బెంజోయేట్ వేసిన కోలా మూత తీసి వారం రోజులు గది మూలన పడి ఉన్నా గ్యాసు పోయి చప్పబడుతుందే తప్ప సాధారణంగా పులియదు. అదే బెంజోయేట్‌ను పి.హెచ్ 5 ఉన్న ద్రవంలో వేస్తే ఏడింట ఒక వంతు మాత్రమే పనిచేసే రూపంలో మిగులుతుంది. డబ్బాలో నీళ్లు, పాలు, సల్ల కలిసినప్పుడు ఒకవైపు ఆ బెంజోయేట్ పలుచబడుతుంది, మరోవైపు పులుపు తగ్గి దాని పట్టు సడలుతుంది. అప్పుడు ఈస్ట్ మేలుకుంటుంది కదా అనవచ్చు. మేలుకుంటుంది, కానీ దానితోపాటే డబ్బాలో ఉన్న ప్రతి సూక్ష్మజీవీ మేలుకుంటుంది.

ఇక్కడ కాస్త ఆగి కల్లు సంగతి చెప్పాలి. చెట్టు దిగిన కల్లు ఎవరూ ఏమీ కలపకుండానే పులుస్తుంది కాబట్టి తీపి ఉన్న ఏ ద్రవమైనా దానంతట అదే మద్యం అవుతుందనే అభిప్రాయం మన ప్రాంతంలో బలంగా ఉంది. చిన్నప్పుడు నేనూ అలాగే అనుకునేవాణ్ణి. మా నాన్న ముస్తాదు కట్టుకొని, మోకు బిగించి తాటిచెట్టు ఎక్కి, గెల కొసను పలుచగా గీసి లొట్టి (రసం పట్టే మట్టికుండ) మార్చి దిగేవాడు. లొట్టిని చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా చిటచిటమనే చప్పుడు వినిపించేది, మూతి దగ్గర తెల్లటి నురుగు అంచు కట్టి ఉండేది. ఆ లొట్టిలో నిన్నటి కల్లు తడి మిగిలి ఉంటుందని, అందులోని ఈస్టే ఇవాళ కారే రసానికి తోడు అవుతుందని, లోపల సున్నం పూసిన లొట్టి కడితే అదే రసం పులియకుండా నీరాగా దిగుతుందని తర్వాత చదువుకొని తెలుసుకున్నాను. తాటిరసంలో చక్కెర నూటికి పది పైచిలుకు ఉంటుంది, ఈస్ట్‌కు కావలసిన నత్రజని పోషకాలు, లవణాలు కూడా ఉంటాయి. ఒకే చెట్టు రసం, తెలిసిన తోడు, తెలిసిన లొట్టి, రోజుకు రెండు పూటలా చెట్టెక్కి చూసుకొనే మనిషి. ఇన్ని ఉన్నా పొద్దున తియ్యగా ఉన్న కల్లు మాపటికి ఘాటెక్కుతుంది, మరుసటి రోజుకు పుల్లబడి తాగలేనట్టు అవుతుంది. గాలి తగిలినచోట ఎసిటిక్ బ్యాక్టీరియా ఆల్కహాలును వినిగర్‌గా మార్చడమే దానికి కారణం. అంత జాగ్రత్తలో దిగిన కల్లే ఒక్క రోజు ఆగనప్పుడు, నెల రోజులు మూలన పడి ఉన్న డబ్బా మద్యం దగ్గరే ఆగిపోతుందని ఆశించడానికి ఆధారం లేదు.

అలాంటి డబ్బాను నేను కళ్లారా చూశాను కూడా. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక శనివారం సాయంత్రం, రెండు వందల లీటర్ల డ్రమ్ములో ముప్పాతిక వంతు బత్తాయి రసం వేడిచేయకుండానే మిగిలిపోయింది. శీతల గదిలో చోటు లేక దాన్ని బయటి వరండాలోనే ఉంచారు. సోమవారం పొద్దున వెళ్లేసరికి డ్రమ్ము మూత గుమ్మటంలా పైకి ఉబ్బి ఉంది. బిగింపు పట్టీని కాస్త వదులు చేయగానే బుస్సుమని గాలి వచ్చింది, ఆ వెంటనే గోధుమరంగు నురుగు నా మోచేతి దాకా పొంగింది. మొదట కల్లు వాసనే వచ్చింది, మరుక్షణంలో దాన్ని మించి గోళ్ల రంగు వాసన కొట్టింది. పండ్ల తొక్కల మీద ఉండే అడవి ఈస్టులు ఇథైల్ ఎసిటేట్ తయారుచేస్తే అలాంటి వాసనే వస్తుంది. రసంలోని చక్కెరను సుమారుగా శాతంలో చూపే బ్రిక్స్ కొలత శనివారం పది ఉండగా నాలుగున్నరకు పడిపోయింది. అక్కడ పనిచేసే ఒక పెద్దాయన ఒక్క సీసా పట్టుకుపోతానని బతిమాలాడు. ఇచ్చేదాకా వచ్చి, ఆ డ్రమ్మును అంతకుముందు దేనికి వాడారో రిజిస్టరులో చూశాను. గొట్టాలు కడిగే కాస్టిక్ సోడా నీళ్లు పట్టిన డ్రమ్ము అది, తర్వాత కడిగినట్టు ఎక్కడా రాసి లేదు. మొత్తం రసాన్ని మురుగునీటి శుద్ధి తొట్టిలోకి వదిలేశాం. ఏ తోట పండ్ల రసమో, ఏ రోజు పిండినదో అన్నీ తెలిసిన రసమే ఆ ఒక్క విషయం తెలియకపోవడం వల్ల పనికిరాకుండా పోయింది. మీరు చూసిన డబ్బాలో తెలిసిన విషయం ఒక్కటీ లేదు.

అందులో సగం సీసాలకు ఎవరో నోరుపెట్టి తాగి ఉంటారు. నోటిలో, చేతుల మీద ఉండే స్టెఫైలోకాకస్ జాతి బ్యాక్టీరియా పాలు కలిసిన పానీయాల్లో పెరిగితే విషపదార్థాన్ని వదులుతుంది, ఆ విషం మరిగించినా పోదు. దానికంటే భయపడవలసింది బొట్యులిజం, అంటే ఒక బ్యాక్టీరియా విషం వల్ల కండరాలు చచ్చుబడే జబ్బు. దాన్ని కలిగించే క్లాస్ట్రీడియం బొట్యులినమ్ పి.హెచ్ 4.6 కంటే తక్కువ ఉన్న పుల్లటి ద్రవంలో పెరగలేదు, అందుకే ఆహార కర్మాగారాల్లో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఆ 4.6 అనే అంకె కంఠస్థంగా ఉంటుంది. దొరికినవన్నీ కలిపి గాలి ఆడకుండా మూసి మద్యం చేయాలనుకుంటే ఏమవుతుందో 2011లో అమెరికాలోని యూటా రాష్ట్రపు జైలులో జరిగింది. పండ్లు మొదలైనవాటితోపాటు కాల్చిన ఆలుగడ్డను కూడా ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి పులియబెట్టుకొని తాగిన ఖైదీల్లో ఎనిమిది మందికి బొట్యులిజం సోకింది, కొందరికి ఊపిరి తీసుకోవడానికి యంత్రం పెట్టవలసి వచ్చింది. పులుపు తక్కువ ఉన్న పదార్థం ఒక్కటి కలిసినందుకు వచ్చిన ఆపద అది.

చాలామంది ఇలాంటి చోట మిథనాల్ అనే విషపు ఆల్కహాలు గురించి అడుగుతారు. మిథనాల్ చక్కెర నుంచి రాదు, పండ్ల గుజ్జులోని పెక్టిన్ నుంచి కొద్దిపాటిగా వస్తుంది, బట్టీ పెట్టకుండా కేవలం పులిసిన రసంలో అది ప్రాణం తీసేంత ఉండదు. కల్తీ సారా మరణాల్లో కనిపించే మిథనాల్ సాధారణంగా పరిశ్రమల కోసం తయారైన దాన్ని తెచ్చి కలిపినది. కాబట్టి ఈ డబ్బా విషయంలో దాని గురించి బెంగ అక్కర్లేదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, పాత్రలో ఏముందో తెలియకుండా తాగడం వల్ల ఎంత నష్టం జరుగుతుందో మన పాలమూరు, నల్లగొండ ప్రాంతాల వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. చెట్లు సరిపోనిచోట నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, డయాజెపాం, ఆల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలిపి కల్లు పేరుతో అమ్మారు. 2015లో ఆ కల్తీ మీద ప్రభుత్వం దాడులు పెంచి సరఫరాను కట్టడి చేసినప్పుడు, ఏళ్ల తరబడి అది తాగుతూ వచ్చిన కూలీ జనం ఒక్కసారిగా ఆ మత్తుమందు అందక మెడలు వంకర్లు పోయి, ఫిట్స్ వచ్చి, మహబూబ్‌నగర్, నిజామాబాద్ ఆసుపత్రుల్లో బారులు తీరారు. వాళ్లకు కల్లు కాని కల్లు అలవాటైందని వాళ్లకే తెలియదు. తాటాకు రేకలో పోసిన కల్లు ఏ చెట్టుదో చెప్పగలిగిన మండువలో (కల్లు అమ్మే చోట) ఆ ఆపద రాలేదు. మా నాన్న బతికి ఉన్నన్నాళ్లూ పోత్తాటిదా (మగచెట్టు), పండుతాటిదా (కాయలు కాసే ఆడచెట్టు) అని అడగకుండా ఎవరింట్లోనూ కల్లు ముట్టలేదు.

మూత తీయని సీసాను ఎందుకు తీసుకున్నారన్న రెండో ప్రశ్నకు జవాబు కూడా ఈ తెలియకపోవడం దగ్గరే ఉంది. 2006 ఆగస్టు 10న బ్రిటన్ పోలీసులు ఒక కుట్రను బయటపెట్టారు. అట్లాంటిక్ మహాసముద్రం దాటే విమానాల్లోకి హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో చేసిన ద్రవ పేలుడు పదార్థాన్ని కూల్‌డ్రింకు సీసాల్లో తీసుకెళ్లాలన్నది ఆ పథకం. సీసా అడుగున రంధ్రం చేసి పానీయం తీసేసి, పేలుడు ద్రవం ఎక్కించి మళ్లీ అతికిస్తే పైన మూత సీలు చెక్కుచెదరకుండా ఉంటుంది. అందువల్ల సీలు ఉంది కదా అన్న వాదన తనిఖీ దగ్గర చెల్లదు. సాధారణ ఎక్స్‌రే తెరమీద పెరాక్సైడును పండ్లరసం నుంచి నమ్మకంగా వేరుచేసి చూపించే సాధనం అప్పట్లో లేకపోవడంతో, ఒక్కో డబ్బీలో 100 మిల్లీలీటర్లు, అవన్నీ ఒక లీటరు పారదర్శక సంచిలో పట్టాలి అనే నియమం పుట్టింది. అంతర్జాతీయ ప్రయాణాలకు మన దేశంలోనూ అదే అమలవుతోంది. లెక్కలోకి తీసుకునేది డబ్బీ పరిమాణాన్ని, అందులో మిగిలిన ద్రవాన్ని కాదు. కనుక లీటరు సీసాలో గుక్కెడు రసం మిగిలినా లోపలికి పంపరు. పసిపిల్లల పాలకు, చీటీ ఉన్న మందులకు మినహాయింపు ఉంది. సంచిలోని వస్తువును అన్ని కోణాల నుంచి చూపగలిగే సి.టి. స్కానర్లు పెట్టిన కొన్ని విదేశీ విమానాశ్రయాల్లో ఈ నియమాన్ని సడలిస్తున్నారు. అయితే బయలుదేరే చోట సడలించినా మధ్యలో విమానం మారే చోట పాత నియమమే ఉండవచ్చు.

తనిఖీ దగ్గర నిలబడిన సిబ్బందికి మీ అమ్మగారి రసం మీద అనుమానం ఏమీ లేదు. ప్రతి సీసాను రుచి చూసి, పరీక్షించి పంపే వీలు లేదు కాబట్టి ఎవరి సీసా అయినా ఒకటే అన్నట్టు చూడక తప్పదు. అలా ఒక్కసారి డబ్బాలో పడిన తర్వాత ఆ సీసాను మరొకరికి ఇవ్వడం కూడా సరికాదు, ఎందుకంటే దాని యజమాని వెళ్లిపోయాడు, అందులో ఏముందో చెప్పే మనిషి ఇక లేడు. ఎండలో దాహంతో పనిచేసే పారిశుద్ధ్య కార్మికులను చూసినప్పుడు సీలు ఉన్న నీళ్ల సీసాలనైనా వాళ్లకు ఇవ్వవచ్చు కదా అని నాకూ మనసు పీకుతుంది. వాళ్లకు అక్కడే చల్లటి తాగునీరు అందేలా చూడటం దానికి సరైన మార్గం.

ఇక మీ మిత్రుల్లో ఎవరికైనా ఇంట్లో ప్రయత్నించి చూద్దామనే ఆలోచన ఉంటే దయచేసి మానుకోమనండి. లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం తెలంగాణ ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. దానికి తోడు, లీటరు రసంలోని వంద గ్రాముల చక్కెర పూర్తిగా పులిస్తే దాదాపు 25 లీటర్ల వాయువు పుడుతుంది. బిగించిన గాజుసీసాలో అది ఎక్కడికీ పోలేక సీసానే పగలగొడుతుంది. ఉబ్బిన సీసాను ముఖానికి దగ్గరగా పెట్టుకొని మూత తిప్పి, కంటికి దెబ్బ తగిలించుకున్న మా బంధువుల పిల్లవాడు నాకు తెలుసు.

అన్నింటికంటే ముఖ్యమైనది మీ మూడో ప్రశ్న. తొక్కతో పట్టుకొని పిండిన బత్తాయి రసంలో అడవి ఈస్ట్ ఎలాగూ ఉంటుంది. చల్లదనం లేకుండా నల్లగొండ నుంచి చిట్యాల, చౌటుప్పల్ మీదుగా ఔటర్ రింగు రోడ్డు పట్టుకొని శంషాబాద్ చేరేలోపు అది పాడవదు గానీ, బత్తాయికి ఇంకొక గుణం ఉంది. పిండిన కొన్ని గంటలకే అందులో లిమోనిన్ అనే పదార్థం ఏర్పడి రసం చేదెక్కుతుంది. గింజలు నలిగితే, తెల్లటి లోపలి తొక్క ఎక్కువగా చితికితే ఆ చేదు మరింత పెరుగుతుంది. కర్మాగారంలో మేము ఏళ్ల తరబడి తంటాలు పడింది ఈ చేదుతోనే. కాబట్టి తనిఖీ లేకపోయినా ఆ రసం మీరు అమెరికాలో దిగేదాకా మీ అమ్మగారు ఇచ్చిన రుచితో ఉండేది కాదు.

చెకిన్ సామానులో పెడదామా అంటే, వేడిచేయని రసం ఇరవై, ముప్ఫై గంటల ప్రయాణంలో సీసాను ఉబ్బించి బట్టల మీద కారే అవకాశం ఎక్కువ. పండ్లు తీసుకెళ్దామా అంటే, మన దేశం నుంచి తాజా బత్తాయిలను ప్రయాణికులు అమెరికాలోకి తీసుకురానివ్వరు, చెప్పకుండా తీసుకెళ్తే జరిమానా పడుతుంది. ఆవకాయ లాంటి పచ్చళ్లు చేతిసంచిలో కాకుండా గట్టిగా సీలు వేయించి చెకిన్ సామానులో పెట్టుకోవాలి, దిగిన తర్వాత కస్టమ్స్ వాళ్లకు ఆహార పదార్థాలు ఉన్నాయని తెలియజేయాలి.

తర్వాతిసారి సెలవులకు వచ్చి వెళ్లేటప్పుడు అమ్మగారిని బత్తాయిలను కాయలుగానే కారులో పెట్టుకోమనండి. విమానాశ్రయం బయట కారు ఆపిన చోట, గింజలు నలగకుండా అడ్డంగా కోసి, చేతి పిండుడు సాధనంతో అక్కడికక్కడ పిండి ఇస్తే, అందరూ కలిసి నిలబడి తాగేసి లోపలికి వెళ్లవచ్చు. ఖాళీ సీసాను కడిగి సంచిలో వేసుకోండి, ఖాళీ సీసాకు అభ్యంతరం చెప్పరు. తనిఖీ దాటాక లోపల తాగునీటి కుళాయి దగ్గర నింపుకోవచ్చు.